ప్యాకేజీకే ఉన్నదంతా కట్టేస్తే పేస్‌మేకర్‌కు ఎక్కడి నుంచి తెస్తారు?

ప్రశ్న: మాది హనుమకొండ. నర్సంపేటలో ఎరువుల దుకాణం ఉంది. 73 ఏళ్ల మా నాన్నకు హైదరాబాద్‌లో ఛాతీ కోయకుండా టావీ పద్ధతిలో గుండె కవాటం మార్చారు. ప్యాకేజీకి డిపాజిట్లన్నీ తీసేశాం. మూడో రోజు గుండె వేగం పడిపోయి పేస్‌మేకర్ పెట్టారు. దానికి నూటికి 3 రూపాయల వడ్డీకి నోటు రాసి 3 లక్షలు తెచ్చాను. చిట్టీ పాడితే 4 లక్షలొస్తాయి. వాటిని షేర్లలో పెట్టి, లాభంతో వడ్డీ కట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. నెలకు 9 వేలు, ఏడాదికి 1,08,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. ఏటా 36 శాతం ఖాయంగా ఇచ్చే షేరు ఏదీ లేదు. పత్తికి, మిర్చికి ఈ వడ్డీకి తెచ్చేవారు కనీసం పంట వస్తుందన్న ఆశతో తెస్తారు. ఆసుపత్రి అప్పుకు ఏ పంటా చేతికి రాదు. చిట్టీ పాడి ముందు ఇది తీర్చండి. పాటలో మరీ ఎక్కువ వదులుకోవాల్సి వస్తే, బ్యాంకులో బంగారం కుదువపెట్టి అయినా సరే. నోటు మీద చెల్లు రాయించుకుని వెనక్కి తీసుకోవడం మరవకండి.

ప్యాకేజీ అంకెనే మొత్తం ఖర్చనుకునే పొరపాటు చాలా ఇళ్లలో చూస్తున్నాను. గుండెలో విద్యుత్ సంకేతాలు సాగే దారి బృహద్ధమని కవాటాన్ని ఆనుకునే ఉంటుంది. కొత్త కవాటం చట్రం దాన్ని నొక్కితే సంకేతం ఆగవచ్చు. ఈసీజీలో ముందే కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కుడివైపుకు సంకేతం వెళ్లే దారిలో అడ్డంకి) ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే ఇది. ‘పేస్‌మేకర్ అవసరమైతే ఎంత? ఐసీయూలో అదనపు రోజుకు ఎంత?’ అని చేరకముందే అడిగి, అంత సొమ్ము విడిగా ఉంచుకోవాలి.

డిశ్చార్జితోనూ ఖర్చు ఆగదు. పేస్‌మేకర్ తనిఖీలుంటాయి, ఏళ్లు గడిచాక బ్యాటరీ అయిపోతే మార్చాలి. కొందరికి గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలై, రక్తం గడ్డకట్టకుండా మందులు దీర్ఘకాలం వాడాల్సి వస్తుంది. అందుకే అత్యవసర నిధి గురించి ఇంతగా పోరుతున్నాను. అప్పు తీరాక మిగిలే లక్షను పొదుపు ఖాతాలో వేసి ముట్టుకోకండి. వడ్డీకి పోతున్న 9 వేలనూ నెలనెలా అందులోనే వేయండి. ఏడాదికి 2 లక్షలు దాటుతుంది. అరువు వసూళ్ల మీద నడిచే దుకాణానికి కనీసం ఎనిమిది నెలల ఇంటి ఖర్చు ఉండాలి. నాన్నగారి వైద్యానికి వేరే ఖాతా తెరవండి.

ఆయనకిప్పుడు ప్రైవేటు పాలసీ దొరికినా, పాత జబ్బుకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. 70 దాటినవారికిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఆయుష్మాన్ వయ వందనకు ఆధార్‌తో నమోదు చేయించండి. మీకు, మీ భార్యాపిల్లలకు ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. షేర్ల మాట నిధి నిండాక చూద్దాం.