గేదె బక్కచిక్కింది కాలువ గడ్డి నుంచి చేరే కార్జపు జలగల వల్ల, కొవ్వులో రసాయనాల వల్ల కాదు

ప్రశ్న: మాది మూడో ఈత ముర్రా గేదె. ఈని నాలుగు నెలలైంది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు ఒకటిన్నరకు పడిపోయింది. మేత తింటోంది గానీ ఎముకలు తేలాయి. మూడు వారాలుగా దవడ కింద సంచిలా వాపు, పేడ పలచన. పరిశ్రమల రసాయనాలు మనుషుల కొవ్వులో దొరుకుతున్నాయని ఫోన్‌లో చదివాను. మా కాలువలోకి చేపల చెరువుల నీళ్లు, చేలల్లో మందు నీళ్లు దిగుతాయి. గేదె కొవ్వులోకీ అవే చేరాయా? పాలు పరీక్ష చేయించాలా? షాపులో టాక్సిన్ బైండర్, లివర్ టానిక్ ఇచ్చారు. దాళ్వా (రబీ వరి)లో సుడిదోమకు ఐదుసార్లు మందు కొట్టాం, ఆఖరుది కోతకు వారం ముందు. ఆ గడ్డే మేపుతున్నాం. అమ్మాయి పురిటికొచ్చింది, భయమేసి నెయ్యి మాన్పించాం.
– ఒక రైతు, ఆచంట మండలం, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పాల సంగతి తర్వాత, ముందు పేడ పరీక్ష చేయించండి. మీరు రాసినవన్నీ కార్జపు జలగల (కార్జంలో చేరే పరాన్నజీవులు, లివర్ ఫ్లూక్) లక్షణాలు. దవడ కింద వాపును బొటనవేలితో నొక్కి చూడండి. గుంట పడి వెంటనే పూడకపోతే అది నీరు. వాపు వేడిగా, నొప్పిగా ఉండి, జ్వరం 104 డిగ్రీలు దాటి, గేదె గురక పెడుతుంటే అది గొంతువాపు రోగం. అది ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది, మూడు వారాలు ఆగదు. కాబట్టి మీది అది కాదు. అయినా తొలకరికి ముందు ఆ టీకా వేయించారా? రాయలేదు. వేయించకపోతే డాక్టర్‌తో మాట్లాడి వేయించండి.

కాలువ గట్టు నత్తల్లో పెరిగిన జలగ పిల్లలు నీటి అంచు గడ్డిని పట్టుకుంటాయి. ఆ గడ్డి మేసిన గేదె కార్జంలోకి చేరతాయి. డెల్టాలో ఇది కొత్తేమీ కాదు.

పొద్దున్న వేసిన పేడ గుప్పెడు మూత డబ్బాలో పెట్టి అదే రోజు పశువైద్యశాలకు ఇవ్వండి. జలగలు ఎదిగాకే గుడ్లు పెడతాయి, దానికి మూడు నెలలు పైనే పడుతుంది. అందుకే గుడ్లు కనబడకపోయినా లక్షణాలు చూసి డాక్టర్ మందు వేయవచ్చు.

పాలిచ్చే గేదెకు ఆక్సిక్లోజనైడ్ అనే జలగల మందు కిలో బరువుకు 10–15 మిల్లీగ్రాములు, నోటి ద్వారా. బరువు కళ్లతో అంచనా కట్టకండి, టేపు పెట్టండి. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, ఒంటి పొడవుతో (ఇదీ అంగుళాల్లోనే) మళ్లీ గుణించి, 660తో భాగించండి. చుట్టుకొలత 70, పొడవు 56 అయితే సుమారు 416 కిలోలు, అంటే మందు 4.2 నుంచి 6.2 గ్రాములు. మందు వేశాక కనీసం మూడు రోజులు పాలు కేంద్రానికి పోయకండి, ఇంట్లోనూ వాడకండి. లేబుల్ మీద ఇంకా ఎక్కువ రోజులు రాసి ఉంటే అన్నాళ్లూ ఆగండి. ఈ మందు ఎదిగిన జలగలనే చంపుతుంది కాబట్టి రెండు నెలలకు పేడ మళ్లీ చూపించండి. పిల్ల జలగల్నీ చంపే ట్రైక్లాబెండజోల్ ఉంది, కానీ పాడి గేదెకు వద్దు. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. గట్టు గడ్డిని నీటికి జానెడు పైన కోసి, ఎండబెట్టి వేయండి.

టాక్సిన్ బైండర్ పని దాణాలోని బూజు విషాన్ని పేగులోనే పట్టుకోవడం. కొవ్వులో చేరిన దాన్ని అది బయటికి లాగలేదు. షాపులో మీ గేదె దవడనైనా చూడలేదు, బిల్లు మాత్రం రాసిచ్చారు.

ఇక మీరు చదివినది. అది నిజమే. పాత పురుగుమందులు డీడీటీ, బీహెచ్‌సీ, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో ఉండిన పీసీబీ అనే రసాయనాలు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి, ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఢిల్లీ వాసుల కొవ్వులో డీడీటీ చాలా ఎక్కువగా ఉందని 1965లోనే ప్రచురించారు. మన దేశంలో సేద్యంలో డీడీటీని 1989లో, బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందును సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. పాత అవశేషాలు మట్టిలో, ఒంట్లో కొద్దికొద్దిగా ఇంకా మిగిలే ఉన్నాయి. అయినా వాటి వల్ల మూడు వారాల్లో దవడ కింద నీరు దిగదు. పాలలో వాటిని పట్టడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం కావాలి, దానికయ్యే ఖర్చుతో గేదె వైద్యం మొత్తం అయిపోతుంది. అమ్మాయికి నెయ్యి మాన్పించనక్కర్లేదు, బిడ్డకు తల్లిపాలు అసలే ఆపకండి. జలగల మందు వేశాక పాలు ఆపే రోజులు తప్ప, పాలు బాగా కాచి తాగండి.

నాకు అసలు కోపం తెప్పించింది ఆ ఐదు పిచికారీలు. ఇప్పటి దోమ మందుల్లో చాలావరకు డీడీటీలా కొవ్వులో ఏళ్ల తరబడి నిలవవు. అలాగని కోతకు వారం ముందు కొట్టి ఆ గడ్డి మేపుతారా? దోమ మందుల్లో పైమెట్రోజైన్‌కు 19 రోజులు, డైనోటెఫ్యూరాన్‌కు 21 రోజులు కోతకు ముందు ఆగాలి. షాపులో రెండు మూడు మందులు కలిపి "ఒకే దెబ్బకు" అని ఇచ్చారా? అందులో పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు ఉంటే దోమ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. దాన్ని చంపడానికి మళ్లీ అదే షాపుకు పరుగు.

సార్వా (ఖరీఫ్ వరి)లో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి, నత్రజనిని దఫాలుగా వేయండి. పిలకల దశలో దుబ్బుకు 10–15, తర్వాత 20–25 దోమలు దాటితేనే మందు. అప్పుడు నీరు తీసేసి, పైమెట్రోజైన్ ఎకరాకు 120 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి, దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టండి. అవసరమైతే మళ్లీ డైనోటెఫ్యూరాన్ 80 గ్రాములు.

ఆఖరి పిచికారీ పడిన గడ్డిని వేరే వాముగా పక్కన పెట్టండి. గేదెకు పాత వాము గడ్డి వేయండి.