బటన్ ఊడింది సరే, కెమెరా ఆగిపోయిందెప్పుడు?

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. పెళ్లి ఫొటోలు తీసి బతుకుతున్నాను. కెమెరా మా నాన్నగారు రిటైరైన డబ్బుతో కొనిచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. 2024 మార్చిలో ఆర్కే బీచ్ దగ్గర కొత్త జంటకు ఫొటోలు తీస్తుంటే చేయి జారి మెట్ల మీద పడింది. షట్టర్ బటన్ ఊడిపోయింది, వెతికినా దొరకలేదు. ఆ గుంతలో టూత్‌పిక్‌తో నొక్కి చూశాను, లాభం లేకపోయింది. మిగతా ఫొటోలు ఫోన్ యాప్‌తో అదే కెమెరాను నడిపి తీసి, గుంత మీద టేప్ అంటించి, మర్నాడు ఒక రిపేర్ షాపులో ఇచ్చాను. 1,500 రూపాయల అడ్వాన్స్ ఫోన్‌పే చేశాను. మార్చి 18న తిరిగిచ్చారు. కొత్త బటన్ ఉంది గానీ కెమెరా ఆన్ కావడం లేదు. ‘పడ్డప్పుడే లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది’ అన్నారు. అప్పటి నుంచి ‘చూద్దాం, చూద్దాం’ అని తిప్పుతున్నారు. కెమెరా తీసుకున్నట్టు షాపువాళ్లు రాసిచ్చిన జాబ్ షీట్ పోయింది, దాని ఫొటో ఉంది. పడ్డప్పటికి వారంటీ ఉంది కాబట్టి, బటన్ దానంతటదే ఊడిందని కంపెనీ మీద కేసు వేయమని స్నేహితులు అంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకుడు (2026 జనవరి)

జవాబు: మీ కేసు తేలేది మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి మీద. కింద పడ్డాక కూడా మీరు ఆ కెమెరాతో ఫొటోలు తీశారు.

షట్టర్ బటన్ అంటే లోపలి చిన్న స్విచ్‌ను నొక్కే టోపీ లాంటిది. సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. ఆ టోపీ ఊడినంత మాత్రాన బోర్డు పోయినట్టు కాదు. ఫోన్ యాప్‌తో ఫొటోలు వచ్చాయంటే ఆ సాయంత్రం బోర్డు పనిచేస్తోందన్నమాటే. ‘పడ్డప్పుడే పోయింది’ అన్న షాపువాళ్ల మాటకు మీ దగ్గరున్న జవాబు అదే. రిపేరుకు తీసుకున్న వస్తువును సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. బాగున్న బోర్డు వాళ్ల చేతిలో ఉండగా పోయిందని మీరు చూపిస్తే, ఏం జాగ్రత్త తీసుకున్నారో చెప్పుకోవలసింది వాళ్లే.

కాబట్టి ఆ మెమరీ కార్డు మీకు ప్రాణం. ఒక్కో ఫొటో ఫైల్లో తీసిన తేదీ, సమయం, కెమెరా మోడల్ ఉంటాయి. చాలా కెమెరాలు బాడీ సీరియల్ నంబర్ కూడా రాస్తాయి. అది జాబ్ షీట్ ఫొటోలోని నంబర్‌తో కలిసిందా చూడండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫైళ్లే కావాలి. కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద డిజిటల్ ఫైళ్లకు కావలసిన సర్టిఫికెట్ జతచేయాలి. కెమెరాలో గడియారం తప్పుగా ఉందంటారేమో, ఆ జంటలో ఒకరి చేత అఫిడవిట్ కూడా ఇప్పించండి.

స్నేహితుల సలహా మాత్రం వినకండి. బటన్ దానంతటదే ఊడిందని ప్రమాణపత్రం మీద రాస్తే అది అబద్ధపు సాక్ష్యం, నేరం. పైగా మెట్లకు తగిలిన సొట్ట కెమెరా మీదే కనిపిస్తుంది. పడేసిన కెమెరాకు మామూలు వారంటీ వర్తించదు. ఆ ఒక్క అబద్ధంతో షాపు మీద మీకున్న నిజమైన కేసు కూడా పోతుంది. టూత్‌పిక్ సంగతి కూడా దాచొద్దు. అవతలి లాయరు బయటపెట్టేలోపు మీరే చెప్పండి.

ఇంకొకరి చేత కెమెరా విప్పించకండి, మీరూ విప్పకండి. విప్పాక ఎవరు పాడుచేశారో ఎవరూ చెప్పలేరు. లోపల ఫ్లాష్ ఉన్న కెమెరా అయితే దాని కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, షాక్ కొడుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి, రిపేరు వద్దు, బోర్డు ఎందుకు పోయిందో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఉప్పు తేమకు తుప్పు పట్టిందని వాళ్లు రాస్తే మీ కేసు బలహీనపడుతుంది. అప్పుడు టేప్ అంటించి మర్నాడే ఇచ్చానన్న మాటే మీకు ఆధారం.

ఇక మీ అజాగ్రత్త. ఇంతకాలం షాపు చుట్టూ తిరిగారు గానీ ఒక్క కాగితం రాయలేదు. ‘చూద్దాం’ అనే నోటిమాట గడువును ఒక్క రోజు కూడా పెంచదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. పాడైన కెమెరా చేతికొచ్చింది మార్చి 18న గనుక 2026 మార్చి 17 దాటనివ్వకండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ వారమే షాపుకు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి. పదిహేను రోజుల గడువివ్వండి. వాళ్ల దగ్గరున్న జాబ్ షీట్ కార్బన్ కాపీని భద్రంగా ఉంచాలని అందులో రాయించండి. ఫోన్‌పే రసీదు జతచేయండి. ఉచితంగా చేసిన పని ఈ చట్టం కింద సేవ కాదు కాబట్టి 1,500 కట్టినట్టు రుజువు తప్పనిసరి. జవాబు రాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేరుగా గానీ ఆన్‌లైన్లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్లో గానీ వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. మీ ఒక్కరి కష్టంతో బతుకుదెరువు కోసమే ఈ పని చేస్తున్నానని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. లేకపోతే ‘ఇది వ్యాపారం, ఈయన వినియోగదారుడే కాదు’ అని మొదటి వాయిదాలోనే అడ్డుపడతారు. బోర్డు మార్చడానికి సర్వీస్ సెంటర్ ఇచ్చే అంచనా, అడ్వాన్స్, మీకు పోయిన పనులకు ఆధారం ఉంటే ఆ నష్టం, ఖర్చులు అడగండి. నాన్నగారి జ్ఞాపకానికి విలువ కట్టమని అడిగితే కమిషన్ కట్టలేదు.

ఆ కార్డును మళ్లీ వాడకుండా, ఫార్మాట్ చేయకుండా ఈ రోజే ఒక కవరులో పెట్టి తేదీ రాసి దాచండి.