ఫంక్షన్‌లో బాబు అరిచాడని ఇక ఎక్కడికీ తీసుకెళ్లకూడదా?

ప్రశ్న: మాది గాజువాక. బాబుకి ఆరేళ్లు. ఆటిజం అని రెండేళ్ల క్రితం చెప్పారు. మాటలు చాలా తక్కువ. మొన్న మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో డీజే మొదలవగానే చెవులు మూసుకుని, నేల మీద పడి ఒకటే అరుపులు. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ‘గారం ఎక్కువై ఇలా తయారయ్యాడు’ అన్నారు మా అత్తగారు. మావారు ఇక వాణ్ని ఎక్కడికీ తీసుకెళ్లొద్దంటున్నారు, బీచ్‌కి కూడా. నిజంగా నా పెంపకంలోనే లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. ముందు ఆ బరువు దించేసుకోండి. ఆటిజం పెంపకం వల్ల రాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా అది. తల్లి ప్రేమ చాలకపోతే వస్తుందని ఒకప్పుడు విదేశాల్లో డాక్టర్లే నమ్మారు. అది తప్పని తేలి దశాబ్దాలైంది. వాళ్లు ప్రేమ తక్కువైందన్నారు, మీ అత్తగారు ఎక్కువైందంటున్నారు. ఎటు తిరిగినా నింద తల్లికే రావడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఆ రోజు బాబు చేసింది మొండితనం కాదు. మొండికేసిన పిల్లాడు ఓ కంట మనల్ని చూస్తూనే ఉంటాడు, అడిగింది చేతిలో పెడితే ఊరుకుంటాడు. మీవాడు చెవులు మూసుకున్నాడు. ఆ చప్పుడు వాడికి దెబ్బలా తగిలిందన్నమాట. ఇంట్లో కుక్కర్ పెట్టినప్పుడు గమనించండి. ఇలాంటి పిల్లలు కొందరు విజిల్ దాకా కూడా ఆగరు, ఆవిరి బుస్సుమనగానే వంటింట్లోంచి పరుగెడతారు. అంత సున్నితమైన చెవులకి డీజే బాక్సు ఎలా ఉంటుందో ఊహించండి. అప్పుడు చుట్టూ చేరి పదిమంది ‘ఊరుకో నాన్నా’ అంటే ఆ మాటలూ చప్పుడే. ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోండి. అరగంట పట్టినా పట్టనివ్వండి.

మీవారి మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆయనది కోపం కాదు, మళ్లీ అలా జరుగుతుందేమోనన్న టెన్షన్. కానీ ఇంట్లోనే ఉంచేస్తే వాడికి బయట అంటే ఇంకా భయం పెరుగుతుంది. బీచ్‌తోనే మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్ వద్దు, అది జాతరలా ఉంటుంది. మామూలు రోజు పొద్దున్నే యారాడ బీచ్‌కి వెళ్లండి. ముందు రోజు ఫోన్‌లో మూడు ఫొటోలు చూపించండి: మీ బండి, ఇసుక, మీ ఇంటి గుమ్మం. గుమ్మం ఫొటో చివర్లోనే ఉండాలి. తిరిగి ఇంటికే వస్తామని తెలిస్తే వాడికి సగం బెంగ తీరుతుంది. ఇసుక కాళ్లకి తగిలితే చిరాకుపడితే చెప్పులు విప్పించకండి. ఇరవై నిమిషాలు చాలు. హుషారుగా ఉన్నాడు కదా అని ఇంకాసేపు ఉంచకుండా, ఆ హుషారులోనే వచ్చేయండి. ఒక్క జాగ్రత్త: ఈ పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగేస్తాయి, ప్రమాదం తెలియదు. యారాడ అలలు అసలే మంచివి కావు. చెయ్యి వదలకండి. ఆ చెయ్యి పట్టుకునే పని మీవారికే అప్పగించండి.

అత్తగారితో వాదించకండి. ఒకసారి బాబు థెరపీకి ఆవిణ్ని వెంట తీసుకెళ్లండి. మీరు వంద సార్లు చెప్పినా ఎక్కనిది, అక్కడ కళ్లారా చూస్తే ఎక్కుతుంది.

బాబుకి వైకల్యం ఉందని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేకపోతే వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ ఉంటే కేంద్రం వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేయొచ్చు, ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, అందులో థెరపీ ఖర్చుకీ కొంత ఉంటుంది.

యారాడ వెళ్లొచ్చాక నాకు రాయండి. ఐదు నిమిషాలకే తిరిగొచ్చేసినా సరే, ఆ ఐదు నిమిషాలూ ఎలా ఉన్నాడో రాయండి.