కోక్ డ్రమ్మును త్వరగా చల్లార్చవచ్చా?

ప్రశ్న: చమురు శుద్ధి కర్మాగారంలో కోక్ డ్రమ్మును చల్లార్చడానికి గంటలు పడుతుందని విన్నాను. మొదటే నీటిని ఉద్ధృతంగా వదిలితే సమయం కలిసిరాదా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: సమయం కలిసివచ్చినట్టే ఉంటుంది గాని, ఆ తొందరకు మూల్యం చెల్లించేది డ్రమ్మే. కొలిమిలో దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిన బరువైన చమురు అవశేషం డ్రమ్ము అనే పెద్ద ఉక్కు పాత్రలో చేరి, విచ్ఛిన్నమై, బొగ్గులాంటి గట్టి కోక్‌గా పేరుకుంటుంది. డ్రమ్ము నిండాక ముందు ఆవిరిని పంపి మిగిలిన నూనె ఆవిర్లను వెళ్లగొట్టి, ఆ తరువాతే అడుగు నుంచి నీటిని సన్నగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. ఆరంభంలోనే ధారను పెంచితే నీరు కోక్ అంతటా పరచుకోక, దొరికిన దారుల వెంబడి పైకి ఎగబాకి, ఉక్కు గోడను కొన్నిచోట్ల ఒక్కసారిగా చల్లబరుస్తుంది. ఆ హెచ్చుతగ్గులకు గోడ ఉబ్బుతుంది, అతుకులు క్రమేణా బీటలు వారతాయి. పైగా నీరు చేరని చోట కోక్ నిప్పులా మిగిలిపోతుంది.

ఊరికే వదిలేస్తే అదే చల్లారుతుందనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే కోక్ ఉష్ణాన్ని బయటికి సులభంగా పోనివ్వదు. 1998 నవంబరులో అమెరికాలోని అనకోర్టెస్‌లో తుఫాను వల్ల విద్యుత్తు పోయి, సగంలో ఆగిన డ్రమ్మును ఒక రోజుకు పైగా అలాగే ఉంచి తెరచినప్పుడు, లోపలి వేడి పదార్థం బయటికి పొర్లి అంటుకోవడంతో ఆరుగురు మరణించారు.

కాబట్టి సమయం ఆదా చేయదలచినవారు మొదటి సన్నని ధారను మార్చక, గోడకు అమర్చిన ఉష్ణోగ్రత మాపకాలను, లోహం ఎంత సాగిందో చూపే వికృతి మాపకాలను చూస్తూ, చివరి దశలో నీటిని ఎంత త్వరగా పెంచవచ్చో తేల్చుకోవాలి.