ఆరు లక్షలు కడితే జర్మనీ పీఆర్ వస్తుందా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. ఆరు లక్షలు కడితే జర్మనీలో ఉద్యోగం, రెండేళ్లలో పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) గ్యారంటీ అని ఒక ఏజెంటు అంటున్నాడు. రొయ్యల గుంట లీజుకిచ్చి డబ్బు సర్దుదామనుకుంటున్నాను. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దండీ. జర్మనీ వద్దని కాదు, నర్సింగ్ చదివిన పిల్లలకు అది మంచి దారే. కానీ పీఆర్ ఇచ్చేది అక్కడి ప్రభుత్వ కార్యాలయం. దానికి ఇక్కడి ఏజెంటు గ్యారంటీ ఏమిటి?

నర్సు పనికి అక్కడ ప్రభుత్వ గుర్తింపు కావాలి. మన డిగ్రీని వాళ్ల చదువుతో పోల్చి చూసి, తేడా ఉంటే ఫలానావి తక్కువున్నాయని కాగితం ఇస్తారు. ఆ లోటు పూడ్చుకోవడానికి అక్కడ శిక్షణ పూర్తి చేయాలి, లేదా పరీక్ష రాసి పాసవ్వాలి. అన్నాళ్లూ ఉండేది వేరే రకం పర్మిట్ మీద. మెలికంతా ఇక్కడే ఉంది: ఆ పర్మిట్ మీద గడిపిన నెలలు పీఆర్‌కు కావాల్సిన మూడేళ్లలో కలవవు. గుర్తింపు వచ్చి నర్సుగా పర్మిట్ మారాకే లెక్క మొదలవుతుంది. 2023లో చట్టం సవరించకముందు ఆ మూడేళ్లకు బదులు నాలుగేళ్లు ఉండేది. పైగా 36 నెలల పెన్షన్ చందా కట్టి ఉండాలి, జర్మన్ భాష బీ1 (మధ్యస్థ) స్థాయి ఉండాలి. ఏజెంటు చెప్పే రెండేళ్లు బ్లూ కార్డు (మంచి జీతమున్న డిగ్రీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) వాళ్ల లెక్క అయి ఉండొచ్చు. బీ1 ఉంటే వాళ్లకు 21 నెలలు చాలు గానీ, దాని జీతం షరతు వేరు.

ఖర్చు పెట్టాలనుకుంటే భాష మీద పెట్టండి. నర్సు గుర్తింపుకు మామూలుగా బీ1 కంటే పై మెట్టు, బీ2 అడుగుతారు. రోజూ రెండు మూడు గంటలు కూర్చున్నా ఏడాది పడుతుంది. చెన్నై నుంగంబాక్కంలో జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటల దూరం. భాష రాకుండా వెళ్తే వార్డులో పేషెంటు ఏం చెప్తున్నాడో అర్థంకాక పిల్ల టెన్షన్ పడుతుంది.

ఏజెంటు దగ్గరకే వెళ్తానంటే ముందు లైసెన్సు నంబరు అడిగి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోండి. లైసెన్సున్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. ఆరు లక్షలెక్కడ, 30 వేలెక్కడ!

పీఆర్ అంటే పౌరసత్వం కాదు, మన పాస్‌పోర్టు మనదే. గుంట రేపు వారసత్వంగా అమ్మాయికి రావడానికీ అడ్డం లేదు. అయితే పీఆర్ వచ్చాక మామూలుగా ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉండిపోతే అది రద్దవుతుంది. పురిటికి వచ్చి ఏడాది ఉంటానంటే ముందే అక్కడ అనుమతి తీసుకోవాలి.

ఈ వారమే ఒక పని చూడండి. మనవాళ్ల సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టెన్త్ మెమో, డిగ్రీ, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. సబ్జెక్టులవారీ గంటలు, ఆసుపత్రి డ్యూటీ గంటలు రాసిన పత్రం కాలేజీలో ఇప్పుడే అడగమనండి. పాసై వచ్చేశాక దానికోసం చాలాసార్లు తిరగాల్సి వస్తుంది.