రిపేరుకీ, చివరికి తుక్కుకీ వీలుగా మిక్సీని ఎలా డిజైన్ చేయాలి?

విజయనగరంలో చిన్న యూనిట్ పెట్టి మిక్సీలు తయారుచేస్తామన్నారు. పాడైతే బాగయ్యేలా, పూర్తిగా పోతే లోపలి సరుకు మళ్లీ పనికొచ్చేలా ఉండాలని అడిగారు. చాలా మంచి ఆలోచన. ఏ ప్లాస్టిక్ వాడాలో తర్వాత చూద్దాం, ముందు ఏ పార్టు ఏ వరసలో ఊడిరావాలో తేల్చుకోండి.

నేను చూసినంతలో ముందుగా పోయేవి చవక పార్టులే: కప్లర్ (మోటారు షాఫ్ట్ పైన ఉండి జార్ బ్లేడును తిప్పే ముక్క), జార్ బుష్ (జార్ అడుగున బ్లేడు షాఫ్ట్ తిరిగే గొట్టం), కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు). మోటారు కాలినా చాలాసార్లు మూలం జార్ బుష్‌లోనే ఉంటుంది. బుష్ అరిగితే చట్నీ నీళ్లు కప్లర్ మీంచి షాఫ్ట్ వెంట దిగి పై బేరింగ్‌లో చేరతాయి. బేరింగ్ తుప్పుపట్టి బిగుసుకుంటుంది, మోటారు తిరగలేక వైండింగ్ (లోపలి తీగ చుట్టలు) కాలుతుంది. అందుకని షాఫ్ట్ చుట్టూ ఎత్తయిన కాలర్, పక్కన నీళ్లు పోయే కన్నం బాడీ అచ్చులోనే పెట్టండి. ఆ కన్నం కింద స్విచ్చు గానీ వైర్లు గానీ ఉండకూడదు.

కప్లర్‌కి సాధారణంగా ఎడమ మర, అంటే మామూలుకి వ్యతిరేక దిక్కులో తిప్పితే ఊడేది, ఉంటుంది. అది తెలియక మామూలు మర అనుకుని తిప్పి విరగ్గొడతారు. విప్పే దిక్కు చూపే బాణం గుర్తు పక్కనే అచ్చులో పోయించండి.

స్క్రూల దగ్గరే అసలు తేడా వస్తుంది. ప్లాస్టిక్‌లోకి నేరుగా దిగే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు పలుమార్లు విప్పి బిగిస్తే పట్టు వదిలేస్తాయి. వేడిచేసి దించే ఇత్తడి నట్లు గట్టివే గానీ తుక్కులో ప్లాస్టిక్ నుంచి విడిపోవు. గాడిలోకి జారే చదరపు ఎం4 (4 మి.మీ. స్క్రూకి సరిపోయే) నట్లు వాడితే బాడీ విప్పగానే వాటంతటవే రాలిపోతాయి. అన్ని స్క్రూలకీ ఒకే ప్లస్ తల పెట్టండి; బొబ్బిలి, చీపురుపల్లి మెకానిక్ దగ్గర ప్రత్యేకమైన బిట్లు ఉంటాయనుకోకండి. భోగాపురం తీరం వైపు ఉప్పుగాలి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి, ఖర్చు ఎక్కువైనా సరే.

బాడీ అంతా ఏబీఎస్ అనే ఒకే రకం గట్టి ప్లాస్టిక్‌తో ఉండాలి. పెయింటు, క్రోమ్ పూత వద్దు. పేరు స్టిక్కర్ మీద కాక అచ్చులోనే రావాలి, లోపల అది ఏ ప్లాస్టిక్కో చెప్పే >ABS< గుర్తు ఉండాలి. తుక్కులో పీపీ (పాలీప్రొపిలీన్ అనే మరో ప్లాస్టిక్) కలిస్తే కరిగించి పోసిన సరుకు పొరలుపొరలుగా ఊడుతుంది. పాలీకార్బొనేట్ మూత కలిసినా 1.1 సాంద్రత ఉన్న ఉప్పునీళ్లలో వేస్తే ఏబీఎస్ తేలుతుంది, మూత ముక్కలు మునుగుతాయి. వైర్లకు సోల్డర్ కాకుండా 6.3 మి.మీ. పుష్-ఆన్ థింబుల్స్ (నొక్కితే పట్టుకుని, లాగితే ఊడే కనెక్టర్లు) వేస్తే మోటారు వేరుగా, రాగి వైర్లు వేరుగా తేలిగ్గా వస్తాయి.

స్టీలు అచ్చు కోయించకముందే నమూనాను ఒక మెకానిక్ చేతికిచ్చి, ఒక్క స్క్రూడ్రైవర్‌తో మోటారు బయటికి తీయమనండి. ఎక్కడ తడబడితే అక్కడ డ్రాయింగ్ మార్చండి. అచ్చు కోశాక ఆ మార్పు చాలా ఖరీదైన పని.