మధ్యాహ్నం మాత్ర పట్టడం లేదు, డోసు పెంచాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, నాలుగేళ్లుగా పార్కిన్సన్స్. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకుంటారు. పొద్దున పరగడుపున వేసుకున్నది బాగానే పనిచేస్తోంది. మధ్యాహ్నం భోజనమయ్యాక వేసుకుంటే మాత్రం ఒక్కోసారి అసలు పట్టదు. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నిలబడిపోతారు. వికారంగా ఉందంటే మందుల షాపులో మెటోక్లోప్రమైడ్ ఇచ్చారు. డోసు పెంచమని అడగాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డోసు సంగతి తర్వాత. ముందు ఆ మెటోక్లోప్రమైడ్ ఆపించండి. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ అనే, కదలికలను నడిపించే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. మాత్రతో కాస్త డోపమైన్ అందించినా, అది అతుక్కుని పనిచేయాల్సిన చోట్లను, అంటే రిసెప్టార్లను, మెటోక్లోప్రమైడ్ మూసేస్తుంది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టే. కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజిన్‌లతోనూ ఇదే ఇబ్బంది. వికారానికి డోంపెరిడోన్ నయం, అది మెదడులోకి పెద్దగా వెళ్లదు. కానీ గుండె జబ్బుంటే ఈసీజీ చూశాకే.

అసలు వికారం ఎందుకో మాత్రల అట్ట చూస్తే తెలియొచ్చు. లెవోడోపా మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారిపోతే కడుపులో తిప్పుతుంది. దాన్ని ఆపేది కార్బిడోపా, రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. ఉండాలి. అట్ట మీద 100/10 అని (లెవోడోపా 100, కార్బిడోపా 10 మి.గ్రా.) ఉంటే మూడు మాత్రలకు అందేది 30 మి.గ్రా.లే. 100/25కు మార్చవచ్చేమో న్యూరాలజిస్టును అడగండి.

ఇక మధ్యాహ్నం సమస్య. లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలు కూడా పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి అదే దారిలో పోవాలి. ముద్దపప్పు, పెరుగన్నం తిన్నాక వేసుకున్న మాత్ర ఆ తోపులాటలో వెనకబడిపోతుంది. పైగా నిండు పొట్టలోంచి పేగులోకి దిగడానికే ఆలస్యం. మలబద్ధకం ఉంటే మరీను.

అందుకే భోజనానికి అరగంట ముందు, గ్లాసు నిండా నీళ్లతో వేయండి. పరగడుపున తిప్పుతుందంటే రెండు మేరీ బిస్కెట్లు ఇవ్వండి, పాలు వద్దు. ఐరన్ మాత్ర వాడుతుంటే రెండు గంటల ఎడం పాటించండి. పప్పు, గుడ్డు మానేయకండి, కండ కరిగిపోతుంది. వేళ మార్చినా తేడా లేకపోతే వాటిని ఎక్కువగా రాత్రి భోజనంలోకి మార్చడం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఎవరో చెప్పారని దూలగొండి పొడి కలపొద్దు, అందులోనూ లెవోడోపాయే ఉంటుంది, ఎంతన్నది మన చేతిలో ఉండదు.

వారం పాటు మాత్ర వేసిన వేళ, తిన్న వేళ, కాళ్లు వదులైన వేళ, మళ్లీ బిగుసుకున్న వేళ రాసిపెట్టండి. అంతా సరిగ్గా పాటించినా తర్వాతి మాత్రకు ముందే బిగుసుకుంటుంటే, డాక్టరు మాత్రల మధ్య గడువు తగ్గిస్తారు. లెవోడోపాను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. తీవ్ర జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడం, అయోమయం వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.